ఎలుగుబంటి గోరంత

ఎర్రమెట్ట అడవిలో ఎండాకాలం వచ్చిందని ఒకరు ఇంకొకరికి చెప్పక్కర్లేదు, ముక్కుంటే చాలు. ఇప్పచెట్లు ఆకులన్నీ రాల్చేసుకుని బోసిగా నిలబడి, తెల్లారేసరికి కిందంతా పూలు పరిచేస్తాయి. బొద్దుగా, కండపట్టి, నోట్లో వేసుకుంటే బెల్లంలా ఉండే పూలు. జింకలు తింటాయి, కొండముచ్చులు తింటాయి, అడవికోళ్ళు ఏరుకుంటాయి. తింటే తప్పేముంది? తప్పల్లా ఆ తోపు నడుమ ఉన్న రాతిగుంటది. అందులో కాస్త ఊటనీరు నిలుస్తుంది. రాలిన పూలు అందులో పడి, నాలుగు రోజులు ఎండకు నాని, పులిసి, బుడగలు కక్కి, చివరికి ఏమవుతాయో మీకు నేను చెప్పాలా!

ఆ గుంట దగ్గరే కాపురం పెట్టినట్టు ఉండేవాడు గుబురయ్య అనే ఎలుగుబంటి. మనిషి మంచివాడే అనబోయాను, ఎలుగు మంచివాడే. తాగనప్పుడు వాడంత పెద్దచెయ్యి అడవిలో లేదు. చెదపుట్ట తవ్వితే చుట్టుపక్కల పదిమందికి మిగిల్చేవాడు. తాగాడా, గుంట పక్కనే వెల్లకిలా పడి, నాలుగు కాళ్ళూ ఆకాశానికి చూపించి గుర్రు పెట్టేవాడు.

గుర్రు పెడితే పెట్టాడు, ఎవరికి నష్టం అంటారేమో. అక్కడే ఉంది తిరకాసు. కొండకింద గూడెంవాళ్ళు పూలు ఏరుకోవడానికి వచ్చేముందు ఇప్పచెట్ల కింద ఎండుటాకులకు నిప్పు పెడతారు. ఆకు కాలిపోతే నేల శుభ్రంగా ఉంటుంది, పువ్వు కంటికి కనబడుతుంది. తాతలనాటి పద్ధతి అది. పోయినేడు ఆ నిప్పు వచ్చే వేళకు గుబురయ్య గుంట పక్కనే ఉన్నాడు. ఎడమచెవి మాడింది, అరికాలు బొబ్బలెక్కింది, ఎలా బయటపడ్డాడో వాడికే తెలీదు. ఆ మర్నాడే వాడి పెళ్ళాం నీలాలు ఇద్దరు పిల్లల్నీ వీపున వేసుకుని నల్లకొండకు, పుట్టింటికి, వెళ్ళిపోయింది. "నువ్వు కాలిపోతుంటే పిల్లలకు చూపించలేను" అంది. అంతే, ఇంకో మాట లేదు.

ఈ ఏడు కబురు తెచ్చినవాడు వాలయ్య, కొండముచ్చుల పెద్ద. చిటారుకొమ్మ మీద నుంచి గూడెమంతా చూసి కిందికి దూకాడు.

"బుట్టలల్లడం అయిపోయింది. ఇవాళ కాదు, రేపు కాదు, ఎల్లుండి కాదు, ఆవలెల్లుండి నిప్పు. రాసి పెట్టుకోండి" అన్నాడు.

అందరూ గుబురయ్యను చుట్టుముట్టారు.

"సిగ్గుందిట్రా నీకు? పెళ్ళాం పోయింది, పిల్లలు పోయారు, చెవి పోయింది. ఇంకేం పోవాలని?" అన్నాడు వాలయ్య.

"ఇంకో చెవి ఉందిగా పెద్దయ్యా" అన్నాడు గుబురయ్య.

"తాగితే కడుపు పుండవుతుంది నాయనా" అంది అడవికోడి.

"మా తాత రోజూ తాగాడు. పళ్ళూడేదాకా బతికాడు."

"మరి నిప్పు?"

"నిప్పొస్తే లేస్తాను. పోయినేడు లేవలేదా?"

వాళ్ళు ఒక 'వద్దు' అంటే వీడు రెండు 'ఎందుకొద్దు'లు అన్నాడు. అటునుంచి నెట్టేకొద్దీ ఇటునుంచి నెట్టాడు. పొద్దున లేచినప్పుడు మానేద్దామా అని కాస్తోకూస్తో అనుకున్నవాడే, ఆ పంచాయితీ ముగిసేసరికి ఇప్పసారాని అమృతమని నిరూపించేశాడు. చివరికి వాలయ్య బలవంతాన ఒట్టు పెట్టించుకున్నాడు. మధ్యాహ్నానికల్లా ఆ ఒట్టు తీసి గట్టుమీద పెట్టి, గుంటలో మూతి పెట్టాడు గుబురయ్య.

వెనకాల కూర్చుని ముసిముసిగా నవ్వుకున్నవాడు ఒక్కడే, నక్క జంబయ్య. గుబురయ్య తోపులో పడి ఉన్నంతసేపూ వాడి గుహ జంబయ్యది. చల్లటి రాతినేల, లోపల గుబురయ్య దాచుకున్న తేనెపట్లు. అందుకే రోజూ పొద్దున్నే వచ్చి "మావా, గుంట పొంగుతోంది, పద పద" అని లేవదీసేవాడు.

ఆ గుహ పక్క బొరియలో ఉండేది సూదమ్మ. ముళ్ళపంది. పేరుకు తగ్గ నోరు. ఆ సాయంత్రం ముళ్ళన్నీ నిక్కబొడుచుకుని గుంట దగ్గరకు పోయి, తూలుతున్న గుబురయ్యను నిలబెట్టి కడిగేసింది. బుద్ధిలేదంది, జన్మదండగంది, కుక్కతోక వంకరంది. ఒక్క మాట మిగల్చలేదు.

అంతా విని గుబురయ్య ఎర్రటి కళ్ళు పైకెత్తాడు.

"నీ ముళ్ళు మీ ఆయన్నేం బాగుచేశాయక్కా?"

సూదమ్మ ముళ్ళు వాటంతటవే వాలిపోయాయి. బొరియకు వచ్చి పడింది.

మొగుడు ఈదయ్యకు చిలగడదుంపల పిచ్చి. గూడెం చేలల్లో పడి తినేవాడు. ఉచ్చులు పెడతారు, పోవద్దు మొర్రో అని ఆమె పొద్దున తిట్టేది, సాయంత్రం తిట్టేది. ఆఖరిరోజు ఆయనకు అసలు ఆకలే లేదు. "నీ నోటికి భయపడి ఇంట్లో కూర్చున్నాననుకుంటావా" అని పంతానికి పోయాడు. ఉచ్చులో పడ్డాడు. ఆ సంగతి ఆమె ఇన్నేళ్ళూ ఎవరితోనూ అనలేదు. తను చెప్పింది అక్షరాలా నిజమే, అయినా ఆ నిజమే ఆయన్ని బయటికి తోసింది. ఎంత ఏడ్చినా ఆ ముల్లు మాత్రం ఆమె గుండెల్లోంచి ఊడలేదు.

'వీణ్ణి మాత్రం పోనివ్వను. నోరు కుట్టేసుకునైనా సరే, వీణ్ణి పోనివ్వను' అనుకుంది సూదమ్మ.

తెల్లారగానే, ఇంకా నక్క రాకముందే, ముళ్ళు దించుకుని గుహ ముందు కూర్చుంది. గుబురయ్య తల పట్టుకుని బయటికొచ్చాడు. ఆమెను చూసి నేల చూపులు చూశాడు.

"నిన్న పాడుమాట అన్నానక్కా."

"నిజమే అన్నావులే. కూర్చో. తిట్టడానికి రాలేదు. ఒకటి అడుగుదామని వచ్చాను. నిజంగా నాకు తెలీక అడుగుతున్నా. ఆ గుంటలో ఏముంది తమ్ముడూ, అంత బాగుంటుందా?"

గుబురయ్య అనుమానంగా చూశాడు. ఇందులో ఉచ్చేమన్నా ఉందా అని. లేదని తేలాక మెల్లగా నోరు విప్పాడు. "మొదటి గుక్కకు ఒంట్లో వేడి దిగుతుంది. రెండో గుక్కకు కాలినొప్పి పోతుంది. మూడోదానికి..." ఆగాడు.

"మూడోదానికి?"

"గుహలో చప్పుడు లేదన్న సంగతి మర్చిపోతాను."

సూదమ్మకు నాలిక చివరిదాకా వచ్చింది, 'ఆ చప్పుడు లేకుండా చేసుకుంది నువ్వేగా' అని. గట్టిగా పళ్ళు కరుచుకుంది. "పిల్లల చప్పుడు లేని గుహలో ఉండలేకపోతున్నావన్నమాట" అని మాత్రం అంది.

"ఉండలేను. అందుకే తాగుతాను. తాగితే హాయిగానే ఉంటుంది, కానీ..."

"కానీ?"

"లేచాక గుహ ఇంకా పెద్దదై కనిపిస్తుంది."

అప్పుడు సూదమ్మ అడిగింది, "మానాలని ఎప్పుడైనా అనిపిస్తుందా? దాచకు. గోరంతా, కొండంతా?"

"గోరంత" అన్నాడు గుబురయ్య వెంటనే.

అక్కడ ఇంకెవరైనా ఉంటే, గోరంతేనా, కొండంత ఉండాలిగా అని మీద పడేవాళ్ళు. సూదమ్మ వాడి ముందుకాలి వంక చూసింది. అర్థం చేసుకోండి, అది ఎలుగుబంటి కాలు. ఒక్కో గోరు ఆమె ముల్లంత పొడవుంది.

"ఎవరి గోరంత? నా గోరంతా, నీ గోరంతా?"

గుబురయ్య తన పంజా తిప్పి చూసుకున్నాడు. ఎన్నాళ్ళ తర్వాతో నవ్వొచ్చింది. "నా గోరంతే అనుకో."

"అయితే తక్కువేం కాదు. దాంతోనే కదా రాయిలాంటి పుట్టలు పగలగొడతావు. అసలు చీమ గోరంతే ఉండొచ్చుగా? ఇంత గోరు ఎక్కణ్ణుంచి వచ్చింది?"

ఎలుగు ఆలోచించాడు. ఇన్నాళ్ళూ అందరూ వాణ్ణి ఎందుకు తాగుతున్నావని అడిగినవాళ్ళే తప్ప, ఎందుకు మానాలనుందని అడిగినవాడు లేడు.

"నా పెద్దాడికి పుట్ట తవ్వడం రాదక్కా" అన్నాడు గుబురయ్య. "చిన్నదానికి అసలు ఊదడమే రాదు. మట్టి ఊదకుండా మూతి పెట్టేస్తుంది. నీలాలు నేర్పుతుంది, కాదనను. కానీ పుట్ట తవ్వడంలో ఈ అడవిలో నా తర్వాతే ఎవరైనా. నేను కాలి చస్తే అది నాతోనే పోతుంది."

"నీ పనితనం నీ పిల్లలకు ఇచ్చి పోవాలని ఉంది" అంది సూదమ్మ.

"అదే. సరిగ్గా అదే. నాకు బతకాలని ఉందక్కా!"

అరిచినంత పనిచేశాడు. సూదమ్మ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. సలహాలు ఆమె నోట్లో కందిరీగల్లా ముసిరాయి, ఒక్కటీ బయటికి పోనివ్వలేదు. "మరి ఏం చేద్దామనుకుంటున్నావు?" అని అడిగి ఊరుకుంది.

"పొద్దున తోపు మీద నుంచి గాలి ఇటే వీస్తుంది. వాసన తగిలిందా, నా కాళ్ళు నా మాట వినవు. అందుకని ఆ వేళకు వాగు అవతలికి పోతాను. గాలి మళ్ళాక వస్తాను."

నిప్పుకింకా రెండు రోజులుంది. ఆ పొద్దునే వాగు అవతలికి పోయాడు, మధ్యాహ్నం తిరిగొచ్చాడు, సాయంత్రం మళ్ళీ కనిపించలేదు. పొద్దుగూకే వేళకు మూతి తుడుచుకుంటూ, నేరం చేసినవాడిలా నక్కుతూ వచ్చాడు.

"పోయానక్కా. రెండు గుక్కలు తాగాను. ఇక నావల్ల కాదు."

"రెండు గుక్కలేనా? రోజూ గుంటంతా తాగేవాడివి. మూడోది తాగకుండా ఎలా లేచొచ్చావు?"

ఆ కోణంలో గుబురయ్యకు తట్టనే లేదు. "మూడోదానికి పిల్లల్ని మర్చిపోతాను కదా. మర్చిపోవడం ఇష్టం లేక లేచాను."

"లేవగలిగావన్నమాట."

"లేవగలిగాను" అన్నాడు. నడుం కాస్త నిటారుగా పెట్టాడు. ఆ మరుసటి రోజు గుంట వైపు తల తిప్పలేదు.

ఇక నిప్పు పెట్టే రోజు. ఎండ ఎక్కింది. గుబురయ్య వాగు నుంచి వచ్చి గుహ ముందు కూర్చునేసరికి జంబయ్య ఎదురుగా ప్రత్యక్షం. రెండు రోజులుగా వాడికి చల్లటి నేలా లేదు, తేనె చుక్కా లేదు. కడుపు మండిపోతోంది.

"ఏం మావా, గుంట నిన్నే అడుగుతోంది. ఏమైంది నీకు?"

"రానల్లుడూ."

"ఎవరు మానమన్నారు? ఈ ముళ్ళమూటేనా? ఓ ఆడదాని మాట విని..."

"ఆమె ఒక్కసారి కూడా మానమనలేదు."

"మరి ఆ వాలయ్యా? కొమ్మ మీద కూర్చుని నీతులు చెప్పేవాడి మాటకు..."

"ఆయన మానమన్న రోజున రెండింతలు తాగాను."

"మరెవడన్నాడు?"

"నేనే అన్నాను."

జంబయ్య నేర్చిన విద్యంతా ఒకటే, ఒకరి మాట మీదికి ఇంకొకరిని ఉసిగొల్పడం. వాలయ్య మాటైతే తీసి అవతల పారేయించేవాడు. సూదమ్మ మాటైతే నవ్వులపాలు చేసేవాడు. వీడి మాట మీదికి వీణ్ణే ఎలా ఉసిగొల్పేది?

"సరే! నువ్వు రాకు. నేను పోయి తాగుతా, నీకు వినబడేలా తాగుతా. నువ్వే పరిగెత్తుకొస్తావు చూడు" అని విసవిసా తోపులోకి పోయాడు.

అన్నంత పనీ చేశాడు. లొట్టలేశాడు, 'అబ్బబ్బా' అన్నాడు, పాట కూడా అందుకున్నాడు. ఆ చప్పుడు గాలిలో తేలుకుంటూ గుహదాకా వచ్చింది. గుబురయ్య ముక్కుపుటాలు అదిరాయి. గోళ్ళు నేలలోకి దిగిపోయాయి. సూదమ్మ ముళ్ళు లేవబోయాయి, బలవంతాన అణుచుకుంది.

"అక్కా, నన్ను ఏదైనా అడుగు" అన్నాడు గుబురయ్య, పళ్ళు బిగించి.

"ఏమడగను?"

"ఏదైనా సరే. నా నోటితో నేను చెప్పుకోవాలి. తొందరగా!"

"పుట్ట ఎటువైపు నుంచి తవ్వాలి?"

"ఉత్తరం నుంచి. ఎండ తగలదు, మట్టి మెత్తగా ఉంటుంది. ముందు గోరు దింపాలి. దింపి ఊదాలి, గట్టిగా, దుమ్మంతా పోయేలా. ఆ తర్వాత పెదాలు గొట్టంలా చుట్టి జుర్రున..." చెబుతూ చెబుతూ మట్టిలో గీసి చూపించాడు. పిల్లలు ఎదురుగా ఉన్నట్టే చూపించాడు. నక్క పాట ఎప్పుడు ఆగిపోయిందో కూడా వినలేదు.

ఆగిందని మొదట గమనించింది సూదమ్మ. ఆ వెంటే పొగ వాసన. చెట్టుమీద నుంచి వాలయ్య కేక, "నిప్పు! తోపంతా నిప్పు! జంబయ్య గుంట పక్కనే పడి ఉన్నాడు, ఒంటి మీద సోయి లేదు! పోనీండి, పీడ విరగడవుతుంది!"

గుబురయ్య లేచి నిలబడ్డాడు. అక్కడ నిప్పుంది. నిప్పు మధ్య పొంగుతున్న గుంట ఉంది. ఏది మింగుతుందో వీణ్ణి! పోవద్దని గొంతు చించుకుని అరవాలనిపించింది సూదమ్మకు. అరవలేదు.

"పోగలవా తమ్ముడూ?"

"పోగలను" అని పొగలోకి దూకాడు.

ఆమె ఎన్ని ఊపిర్లు బిగబట్టిందో లెక్కలేదు. చివరికి పొగలోంచి నల్లటి ఆకారం బయటపడింది, నక్కను మెడ దగ్గర కరిచి పట్టుకుని. ఒళ్ళంతా నీళ్ళు కారుతున్నాయి. అవి నీళ్ళు కావు, ఇప్పసారా. పది బారల దూరానికి గుప్పుమంటోంది.

"తాగేశాడు! నేను చెప్పలా, పుట్టుకతో వచ్చిన బుద్ధి!" అని కొమ్మ మీద గంతులేశాడు వాలయ్య.

సూదమ్మ గుబురయ్య దగ్గరకు పోయి మామూలుగానే అడిగింది, "ఏమైంది తమ్ముడూ?"

గుబురయ్య నక్కను కింద పెట్టి దగ్గాడు. "వీడి తోకకు నిప్పంటుకుంది. గుంట తప్ప వేరే తడి లేదు. వీణ్ణి పట్టుకుని నేనూ దూకాను. మెడదాకా మునిగానక్కా." ఊపిరి తీసుకున్నాడు. "నోరు మాత్రం తెరవలేదు."

సూదమ్మకు ఏడుపాగలేదు. అంత ముళ్ళపందీ వెళ్ళి వాడి తడి కాలికి తల ఆనించింది. గుచ్చుకున్నా వాడు కాలు తీయలేదు.

వాగులో మూడుసార్లు మునిగి, ఆ వాసనంతా వదిలించుకుని, మర్నాటి పొద్దున్నే గుబురయ్య నల్లకొండకు బయల్దేరాడు.

"నీలాలుకు ఏం చెబుతావు?" అంది సూదమ్మ.

"ఏం చెప్పను. నేనేం చేస్తే తిరిగొస్తావని అడుగుతాను. ఏమంటే అది వింటాను" అన్నాడు. దారి పట్టినవాడు మళ్ళీ తల తిప్పి తోపు వైపు చూడలేదు.

వాడలా కనుమరుగయ్యాడో లేదో, కాలిన తోక ఈడ్చుకుంటూ జంబయ్య గుహ వైపు పాకాడు. గుహ ఖాళీ, తేనెపట్లు లోపలే, ఇంకేం కావాలి! తీరా చూస్తే వాకిట్లో సూదమ్మ అడ్డంగా కూర్చుని ఉంది, ముళ్ళన్నీ నిక్కబొడుచుకుని.

"ఇదేం అన్యాయం అక్కా? వాడికైతే ముళ్ళు దించి, బుజ్జగించి, ఏవేవో అడిగావు. నన్నూ ఏదైనా అడగొచ్చుగా!"

"అడుగుతాలే. ఇవాళ నుంచి ఎక్కడ పడుకుంటావు బాబూ?" అంది సూదమ్మ.

ఇంకొకడి మత్తు మీద సుఖంగా బతికిన జంబయ్య మండుటెండలో నీడ వెతుక్కుంటూ పోయాడు.

చెవిలో ఊదిన మాట చెవి దగ్గరే ఆగిపోతుంది, తన నోట పుట్టిన మాటే తన కాళ్ళను నడిపిస్తుంది.